తప్పు గంట

31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. రిటైరైన ఏడాదికే ఒక పువ్వు ముందు ఫెయిలయ్యాను. ఈ ప్రయాణం ఆ సప్లిమెంటరీ రాయడానికే కాబట్టి ఫెయిలైన సంగతే ముందు చెప్పాలి.

2019 ఆగస్టులో సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉండే మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఒక ఆదివారం అందరం ఒలింపిక్ నేషనల్ పార్కుకు పోయాం. హరికేన్ రిడ్జ్ అని, ఐదు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న గట్టు. దాని నెత్తిదాకా తారురోడ్డు ఉంది. కారు దిగి చూద్దును కదా, రోడ్డువార గడ్డిలో దారాల్లాంటి కాడల చివర తలలు వాల్చుకుని నీలి గంటలు ఊగుతున్నాయి. కాంపానులేసీ! ఆ కుటుంబం పుష్పసూత్రం బోర్డు మీద ఎన్నిసార్లు రాసి చెరిపానో. కడప ఎండల్లో ప్రాక్టికల్స్‌కి దాని మొక్క ఏనాడూ దొరకలేదు. తూర్పు కనుమల ఎత్తుల్లో అడవిపొగాకు ఉంది కానీ అది లోబీలియా, ఆ ఇంటికి దాయాది. కాబట్టి కాంపానులా అంటే నాకు పుస్తకంలో అచ్చు బొమ్మే.

పార్కు సమాచార బోర్డు మీద పైపర్ గంటపువ్వు గురించి రెండు ముక్కలున్నాయి. ఒలింపిక్ కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదట. ఇంకేం, నలభై ఫొటోలు తీశాను. రాత్రి ఇంటికొచ్చి, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "కాంపానులా పైపెరీ, ఎండెమిక్" అని దర్జాగా పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్య, ఇప్పుడు తనూ లెక్చరరైన ఒక అమ్మాయి విడిగా ఒక్క మాట రాసింది: "ఏమనుకోవద్దు మేడమ్, ఆకులు కనిపించే ఫొటో ఏదన్నా ఉందా?"

ఫొటో పెద్దది చేసి చూసుకున్నాను. గడ్డిపోచల్లా సన్నటి ఆకులు. చెవులు వేడెక్కాయి. నేను ఫొటో తీసింది మామూలు గంటపువ్వును, రొటుండిఫోలియాను. అది యూరప్ నుంచి అమెరికా దాకా వేలాది చోట్ల పూస్తుంది. దాని పేరుకేమో గుండ్రాకులదని అర్థం. మొదట్లో గుండ్రటి ఆకులు పెట్టే మాట నిజమే. పూత వేళకు అవి ఎండిపోయి, కాడ మీద సన్నాకులే మిగులుతాయి. పేరు చదివి ఆకు చూసినవాళ్లు తికమకపడితే అర్థముంది. నేను ఆకే చూడలేదు. "ఆకు చూడకుండా పేరు చెప్పొద్దు" అని ఏటా జూన్‌లో మొదటి క్లాసులో చెప్పే మనిషిని నేనే.

తర్వాత కోవిడ్. మళ్లీ వీసా, టికెట్టు, మోకాళ్లు అన్నీ ఒకచోట కుదిరేసరికి 2024 జులై చివరి వారం అయింది.

ఈసారి తెల్లారకముందే బయల్దేరాం. ఎందుకంటే 2023 మే 7న గట్టు మీద ఉన్న డే లాడ్జ్ కాలిపోయింది. 1952 నాటి కట్టడం. 2019లో నేను అందులోనే కాఫీ తాగాను. అది పోయాక పైన వసతులు తగ్గి, రోజుకు పైకి పంపే బళ్లకు లెక్క పెట్టారు. ఆలస్యమైతే కింద గేటు దగ్గరే ఆగాల్సి వచ్చేది. "అత్తమ్మా, మన తిరుమల టోకెన్ లాగానే" అన్నాడు అల్లుడు. చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాలు, నా పది రెట్ల భూతద్దం, తొమ్మిదేళ్ల మనవరాలు. ఇవీ సరంజామా.

ఎడ్మండ్స్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే అరగంటలో కింగ్‌స్టన్. అక్కణ్ణుంచి హుడ్ కెనాల్ వంతెన. ఇది ఉప్పునీటి మీద తేలే వంతెన. 1979 ఫిబ్రవరి తుపానుకు సగం మునిగిపోతే మళ్లీ కట్టారు. అటు దాటితే స్క్విమ్ అనే ఊరు. రాతలో సెక్విమ్, నోటితో స్క్విమ్. లావెండర్ తోటలకు పేరు. నన్ను ఆపింది లావెండర్ కాదు, పొలాల్లోని నీటి కాలువలు. ఏడాది పొడుగునా మబ్బుపట్టే ఊరని మనం వెక్కిరించే సియాటిల్‌కు ఇంత దగ్గర్లో, ఇక్కడ ఏడాదికి కురిసేది 16 అంగుళాలు. మా అనంతపురం కన్నా తక్కువ! సముద్రం మీది మబ్బంతా కొండలకు పడమటి వైపున హో అడవిలో 140 అంగుళాల దాకా కురిసేసి, ఇటొచ్చేసరికి ఖాళీ అవుతుంది. వానచాటు బతుకు సీమవాళ్లకు కొత్త పాఠమేం కాదు. కానీ ఒకే కొండ ఒక చెంపన నాచు వేలాడే అడవినీ, ఇంకో చెంపన కాలువ తవ్వుకుంటేగాని పండని నేలనూ పెట్టుకోవడం కళ్లతో చూస్తే వేరు.

పోర్ట్ ఏంజెలస్ నుంచి రోడ్డు పైకి తిరుగుతుంది. 17 మైళ్ల ఎక్కుడు. దారిలో కొండ కోసిన చోట రాయి దిండ్లు పేర్చినట్టు గుండ్రగుండ్రంగా ఉంటుంది. సముద్రం అడుగున కారిన లావా చల్లటి నీళ్లు తగిలి అలా ఉబ్బి గట్టిపడింది. సుమారు 5 కోట్ల ఏళ్ల నాటిది. తర్వాత భూఫలకాలు తోసుకుని ఆ అడుగు ఇంత ఎత్తుకు లేచింది. కడప నాపరాయి కూడా ఒకనాటి సముద్రపు బురదే. దాని వయసు పక్కన ఈ రాయి చంటిపిల్ల.

గట్టు మీదికి పోకుండా, కాస్త కిందనే ఆగాం. క్లాహేన్ రిడ్జ్‌కు ఎక్కే స్విచ్‌బ్యాక్ కాలిబాట అక్కడ మొదలవుతుంది. మైలున్నర దూరం, దాదాపు 1,400 అడుగుల ఎత్తు. పడుచువాళ్లు గంటలో ఎక్కేస్తారు. నాకు రెండున్నర గంటలు పట్టింది. దానికి మోకాళ్లను అనేది లేదు. మొదటి అరమైలులో ప్రతి మొక్క దగ్గరా ఆగాను. లుపిన్, ఎర్ర పెయింట్‌బ్రష్, తెల్లటి బిస్టార్ట్. మధ్యలో రొటుండిఫోలియా కనిపించింది. ఈసారి వంగి ఆకు చూసి, నమస్కారం పెట్టి ముందుకు నడిచాను. మా మనవరాలికి పూలు పట్టలేదు, మార్మట్ పట్టింది. ఇంటి పిల్లికి రెండింతలుండే ఉడుత జాతి జంతువు, రాతి మీద పొట్ట పరిచి ఎండ కాగుతోంది. మమ్మల్ని చూసి ఈల వేసింది. ఇది కూడా ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

పైకి పోయేకొద్దీ గడ్డి పలచనై, నేల జారే రాళ్లయింది. దారికి ఒక పక్క నిలువు గోడలా రాయి. నేను గోడవైపు మొహం పెట్టి, పగుళ్లను వరసగా చదువుకుంటూ పోతున్నాను.

"అమ్మమ్మా, నువ్వు గోడతో మాట్లాడుతున్నావా?"

"గోడే మాట్లాడాలి, నేను వింటున్నా."

గట్టు ఇంకో రెండు మలుపుల దూరంలో ఉందనగా, నా భుజమంత ఎత్తున, మీగడ చెంచా కూడా దూరనంత పగుల్లోంచి ఒక ఆకుపచ్చ గీత బయటికొచ్చి ఉంది. అందులో మొదట నేను చూసింది ఆకే. చిటికెనవేలి గోరుకన్నా కొంచెం పెద్దది, దళసరి, మెరుపు, అంచు పొడుగునా రంపపు పళ్లు. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. మొక్క మొత్తం బెత్తెడు ఎత్తు లేదు. ఆకుల మీద దాదాపు కూర్చున్నట్టే ఐదు పూలున్నాయి.

వాటిని గంటలనడానికి నోరు రాదు. కాంపానులా అంటే లాటిన్‌లో చిరుగంట. రోడ్డు పక్కన ఊగే బంధువేమో అచ్చం గంటే. ఇది మాత్రం తల వాల్చదు, మూసుకోదు. లేత నీలం ఊదాలోకి దిగే రంగులో, రూపాయి బిళ్లంత వెడల్పున, ఐదు చీలికలు విప్పుకుని ఆకాశంలోకి చూసే పళ్లెం. గాలికి ఊగడానికి కాడే లేదు. నీళ్లు నిలవవు, మట్టి చిటికెడు, ఏడాదిలో అధికభాగం మంచు. అలాంటి చోట పొడుగు కాడ పెట్టుకునే విలాసం దేనికీ ఉండదు.

చేయి వేయకుండా, గోడకు చెంప ఆనించి భూతద్దం పట్టాను. ఈ కుటుంబం చేసే గారడీ నేను ఏటా పది నిమిషాల్లో చెప్పేదాన్ని. చూడటం మాత్రం అదే మొదలు. మొగ్గగా ఉన్నప్పుడే ఐదు పరాగకోశాలు కీలాన్ని చుట్టూ హత్తుకుని పగులుతాయి. పుప్పొడి అంతా కీలం మీది సన్నటి నూగుకు అంటుకుంటుంది. పువ్వు విచ్చేసరికి కేసరాల పని అయిపోతుంది. నేను చూసిన కొత్త పువ్వులో అవి అడుగున ముడుచుకుపోయిన దారపు ముక్కల్లా పడి ఉన్నాయి. నడుమ కీలం మాత్రం సున్నం కుంచెలా పొడి పూసుకుని నిలబడి ఉంది. తేనె కోసం వచ్చే తేనెటీగకు ఆ పొడి అంటుతుంది. అయ్యాక నూగు వెంట్రుకలు తమలోకి తామే ముడుచుకుపోతాయి. అప్పుడుగాని కీలాగ్రం విచ్చుకోదు. పక్కనే ఉన్న పాత పువ్వులో పొడి రాలిన కీలం శుభ్రంగా ఉంది, కొస మూడు పాయలై వెనక్కి వంకీలు తిరిగింది. ఒకే పువ్వు, మొదట మగ, తర్వాత ఆడ. సొంత పుప్పొడి సొంత కీలాగ్రానికి చేరకుండా కాలాన్ని అడ్డం పెట్టుకుంది. "పుంభాగ ప్రథమోత్పత్తి" అని డిక్టేషన్ ఇచ్చినప్పుడు పిల్లలు ఎందుకు ఆవులించేవాళ్లో ఇప్పుడు తెలిసింది. ఆ మాటలో పువ్వు లేదు.

మనవరాలికి భూతద్దం ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఇందులో త్రీ ఉంది, అందులో లేదు" అంది. ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు.

పేరులో ఉన్న పైపర్ సంగతి కొంత తమాషా. చార్లెస్ వాంకూవర్ పైపర్ సియాటిల్‌లో పెరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు. 1906లో వాషింగ్టన్ రాష్ట్రపు మొక్కలన్నిటికీ పెద్ద గ్రంథం రాశాడు. తర్వాత ప్రభుత్వ వ్యవసాయ శాఖలో గడ్డిమీద పడ్డాడు. మన పాడి రైతులు పశువులకు వేసే సూడాన్ గడ్డి ఉంది చూశారా, దాని విత్తనం 1909లో ఖార్టూమ్ నుంచి అమెరికాకు తెప్పించింది ఆయనే. సోయాబీన్ మీద పుస్తకం రాశాడు. గోల్ఫ్ మైదానాల పచ్చిక మీద ఇంకోటి రాశాడు. రోజూ నీళ్లు కొట్టి, కత్తిరించి, బుజ్జగించే తివాచీ గడ్డికి గురువైన మనిషి పేరు, బుజ్జగిస్తే కుళ్లిపోయే రాతి మొక్కకు తగులుకుంది. ఆ పేరు పెట్టిన థామస్ హోవెల్‌ది ఇంకో కథ. ఓరెగాన్‌లో పేద మనిషి, చదువు పెద్దగా లేదు. వాయవ్య అమెరికా మొక్కల మీద పుస్తకం రాసుకుని, అచ్చుకు డబ్బుల్లేక తనే అక్షరాలు కూర్చడం నేర్చుకుని పేజీ పేజీ వేసుకున్నాడు. 1901లో వచ్చిన భాగంలో ఈ మొక్క ఉంది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి "పైపెరీ" అని పేర్చిన ఆ వేళ్లే నాకు ఆ గోడ దగ్గర గుర్తొచ్చాయి. అదే గోడ మీద, పూత అయిపోయిన ఫ్లెట్ వయొలెట్ కూడా ఉంది. 1898లో పైపర్ దానికి ఇంకో మొక్కల వేటగాడి పేరు పెట్టాడు. ఒకరి పేరు ఒకరు పూలకు పెట్టుకుంటూ కొండలెక్కిన కాలం అది.

ఇలాంటి మొక్కలు ఇక్కడికే ఎందుకు పరిమితమయ్యాయంటే సమాధానం మంచు. పదిహేడు వేల ఏళ్ల కిందట ఉత్తరం నుంచి వచ్చిన మంచుఫలక ఇప్పుడు సియాటిల్ ఉన్న చోట మూడు వేల అడుగుల మందాన పరుచుకుంది. ఒలింపిక్ కొండలకు ఉత్తరాన జలసంధిలోనూ అదే మంచు. కొండల లోయల్లో సొంత హిమనదాలు. వాటి మీదుగా పొడుచుకొచ్చిన శిఖరాలు మంచు సముద్రంలో దీవుల్లా మిగిలాయి. అక్కడి పగుళ్లలో తలదాచుకున్నవి అక్కడే ఉండిపోయాయి. మంచు కరిగాక కిందికి దిగి విస్తరించి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. దిగితే అడవి నీడ, పొడుగు గడ్డి. ఈ మొక్కకు పోటీ పడటం రాదు. ఎవరూ కోరని చోట నిలదొక్కుకోవడమే దాని విద్య.

ఆ ఎవరూ కోరని చోటికీ 1920లలో ఒకరు వచ్చారు. వేట సరదాకు తెల్లటి కొండమేకలను డజను దాకా కెనడా, అలాస్కాల నుంచి తెచ్చి వదిలారు. అప్పటికి ఇది నేషనల్ పార్కు కాదు, అది 1938లో. 1980లకు అవి వెయ్యి దాటాయి. రాతి మొక్కలను మేశాయి, దుమ్ములో పొర్లడానికి వేర్లతో సహా గీరేశాయి. ఈ కొండల్లో ఉప్పు చెలమలు లేవు కాబట్టి యాత్రికుల చెమట కోసం, మూత్రం కోసం వెంటపడేవి. 2010లో ఇదే క్లాహేన్ దారిలో ఒక మేక పొడిచి ఒక మనిషి చనిపోయాడు. చివరికి 2018 నుంచి 2020 దాకా మేకలను పట్టి, కళ్లకు గంతలు కట్టి, హెలికాప్టర్ల కింద వేలాడదీసి దించి, శీతల లారీల్లో కాస్కేడ్ కొండలకు, అంటే వాటి సొంత గడ్డకు, తరలించారు. మొత్తం 325. పట్టుబడనివాటిలో కనిపించినవాటిని కాల్చేశారు. అప్పట్లో చాలామంది బాధపడ్డారు. నాకూ మేకంటే జాలే. కానీ తూకం వేయమంటే పువ్వువైపే వేస్తాను. మేకకు ఇంకో కొండ ఉంది. దీనికి లేదు.

నేను 2019లో రోడ్డువార తప్పు గంటకు నలభై ఫొటోలు తీసిన ఆ ఎండాకాలంలోనే, ఇక్కడ మేకలు గాల్లో తేలుతూ పోయాయన్నమాట. నాకు తెలియనే తెలియదు.

గట్టు మీద చిత్రాన్నం తింటుంటే ఉత్తరాన జలసంధి, దాని అవతల కెనడా కనిపించాయి. నాకు మాత్రం శేషాచలం కనిపించింది. మా కొండల్లోనూ ఒకటుంది: పెరిత. సైకస్ బెడ్డోమీ. తిరుపతి, కడప కొండలు తప్ప దానికీ ఇంకో ఇల్లు లేదు. దానిది కూడా ఒక దొర పేరే, మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్‌ది. మందుకని మగ శంకువులు కోసుకుపోతారు. ఎండాకాలం మంటలు సరేసరి. అంతర్జాతీయ వ్యాపారం మీద అన్నిటికన్నా గట్టి నిషేధమున్న జాబితాలో దాని పేరుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద నేను ఎన్ని వందల సార్లు పోయానో. నా 31 ఏళ్ల సర్వీసులో పిల్లలను దింపి పెరితను చూపించింది రెండే రెండు సార్లు. ఒకసారి బస్సు డ్రైవరు విసుక్కున్నాడని మధ్యలోనే ఎక్కేశాం.

దిగేటప్పుడు మళ్లీ ఆ గోడ దగ్గర ఆగి, ఒకే ఫొటో తీశాను. పువ్వు లేకుండా, ఆకు మాత్రమే. ఫోనుకు సిగ్నలు పోర్ట్ ఏంజెలస్‌లో వచ్చింది. ఆ అమ్మాయికి విడిగా పంపాను. ఇండియాలో అర్ధరాత్రి దాటింది. అయినా పది నిమిషాల్లో జవాబొచ్చింది: "పాస్ మేడమ్." కింద ఇంకో మాట: "గ్రూపులో మీరే పెట్టండి." పెట్టాను, 2019 నాటి తప్పు ఒప్పుకుంటూ.

సియాటిల్ చుట్టుపక్కల పిల్లలుండి, వేసవిలో వెళ్లే తల్లిదండ్రులు మనలో చాలామందే. షాపింగు మాళ్లు చూసి అలిసిపోయినప్పుడు ఒకరోజు ఇటు రండి. జులై చివరి నుంచి ఆగస్టు మధ్యలోపు అయితే పూత దొరుకుతుంది. కాలిబాట దిగకండి, కోయకండి. మార్మట్‌కు పెరుగన్నం పెట్టకండి. అక్కడక్కడా ఇంకా మేకలు మిగిలి ఉంటాయి కాబట్టి ఒంటేలు పని కిందనే ముగించుకుని ఎక్కండి. పూల మైదానం దాటాక రాతివైపు తిరగండి, ముందు ఆకు చూడండి.